అర్థిత్వం, సాధికారత: బాలికల విద్యాధికార విచారం

బాలికల విద్యను గురించిన చర్చల్లో ఈనాడు తప్పనిసరిగా వినిపించే మాట ‘సాధికారత’. చదువుతో పాటు నాయకత్వ శిక్షణ లభిస్తే బాలిక శక్తిమంతురాలవుతుందనీ, ఆమె ద్వారా కుటుంబమూ సమాజమూ బాగుపడతాయనీ వాదం. అఫ్గానిస్తాన్ బాలికల పక్షాన ప్రపంచం వినిపిస్తున్న వాదం కూడా చాలావరకు ఇదే. ఇందులోని సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. అయితే ఇతరులకు కలిగే మేలు ఒక బాలిక చదువుకు హేతువా, లేక ఫలితం మాత్రమేనా అన్నది విచారించవలసిన ప్రశ్న.

విజయవాడ ఆటోనగర్‌లో ఈ ప్రశ్న స్పష్టంగా కనిపిస్తుంది. లారీ ఇంజిన్ల మరమ్మతు, బాడీ కట్టడం, లేతు పని వంటి విద్యలు అక్కడ ఎక్కువగా మేస్త్రి దగ్గర చూసి, చేసి నేర్చుకునేవే. పని నేర్చుకోవడానికి వచ్చిన యువకుడిలో మేస్త్రి చూసేవి రెండే: నేర్చుకోవాలని ఉందా, చేయగలడా. అతడు మెకానిక్ అయితే సమాజానికి ఏమి ఒరుగుతుందని ఎవరూ అడగరు. అదే కార్మికుని కూతురు చదువుకోవాలంటే మాత్రం ‘ఇల్లాలి చదువు ఇంటికి వెలుగు’ అన్న సమర్థన కావలసి వస్తుంది. ఆ నినాదంలో బాలిక అప్పటికే ఇల్లాలైపోయింది. వెలుగు కూడా ఆమెది కాదు, ఇంటిది.

పూర్వమీమాంసలో అధికారమంటే పెత్తనం కాదు, ఒక కర్మకు కర్త కాగల అర్హత. ఫలాన్ని కోరే అర్థిత్వం, చేయగల సామర్థ్యం, శాస్త్రనిషేధం లేకపోవడం దానికి ముఖ్య లక్షణాలు. జైమిని సూత్రాల ఆరవ అధ్యాయం మొదటి పాదంలో స్త్రీకి యాగాధికారం ఉందా అన్న చర్చ ఉంది. విధివాక్యంలో పుంలింగం ఉన్నది కనుక లేదని ఐతిశాయనుని పక్షం. అక్కడ లింగం వివక్షితం కాదనీ, ఫలాపేక్షలో స్త్రీపురుష భేదం లేదనీ సిద్ధాంతం. ఆ అధికారాన్ని దంపతుల సహాధికారానికి కుదించి, వేదాధ్యయనాన్ని స్త్రీకి దూరంగానే ఉంచిన సంప్రదాయమది. దాన్ని స్త్రీస్వేచ్ఛా శాస్త్రంగా చూపబూనడం సాహసమే. అయినా రెండంశాలు గమనార్హం: అర్హతకు మూలం కోరుకునే వ్యక్తిలోనే ఉంది, ఫలం కూడా ఆ కర్తదే.

కృష్ణా మండలానికి చెందిన భండారు అచ్చమాంబ జీవితాన్ని ఈ దృష్టితో చూడవచ్చు. 1874లో పెనుగంచిప్రోలులో జన్మించిన ఆమెకు పదేళ్ల ప్రాయంలోనే వివాహమైంది. బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుండగా అతనితో పాటు ఆమె అక్షరాలు నేర్చింది. నాయకురాలిని తయారుచేయాలన్న సంకల్పం అక్కడ ఎవరికీ లేదు. చదవాలన్న కోరిక మాత్రం ఆమెకు ఉంది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీసమాజాన్ని స్థాపించడం ఆ తరువాతి మాట. ‘అబలాసచ్చరిత్ర రత్నమాల’లో స్త్రీలు బుద్ధిహీనులన్న అపవాదును చరిత్రలోని స్త్రీల ఉదాహరణలతో ఆమె ఖండించింది. అది సామర్థ్య నిరూపణ. ఆ గ్రంథం రాయడానికి ముందే నెరవేరిన అర్థిత్వం ఆమె జీవితంలో ఉంది.

ఫలవాదం వ్యర్థమని చెప్పడం న్యాయం కాదు. 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల ప్రారంభించిన కందుకూరి వీరేశలింగం తరం, చదువు గృహజీవితాన్ని బాగుచేస్తుందని చెప్పియే చాలా ఇళ్ల తలుపులు తెరిపించింది. కానీ ఇంటి అవసరం కోసం తెరిచిన తలుపు ఆ అవసరం మేరకే తెరుచుకుంటుంది.

ఫలవాదం ఎంత బలహీనమో అఫ్గానిస్తాన్ చూపింది. 2021 ఆగస్టులో తాలిబన్లు అధికారానికి వచ్చిన తరువాత ఆరవ తరగతికి పైన బాలికలకు బడి లేకుండా పోయింది. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలు, 2024 డిసెంబరులో నర్సింగు, మంత్రసాని శిక్షణ కూడా మూతపడ్డాయి. స్త్రీకి స్త్రీయే వైద్యం చేయాలన్న కట్టుబాటున్న చోట మంత్రసాని వల్ల సమాజానికి కలిగే మేలును ప్రత్యేకంగా నిరూపించనక్కరలేదు. అయినా నిషేధం ఆగలేదు. ప్రయోజనాన్ని లెక్కించే అధికారం నిషేధించేవారి చేతిలోనే ఉన్నప్పుడు ఆ లెక్క బాలికను రక్షించదు. తాలిబన్ల తొలి పాలనలో హెరాత్ నగర స్త్రీలు కుట్టుపని తరగతి పేరిట రహస్యంగా సాహిత్యం చదువుకున్నారు. సమాజానికి ఏ ఉపయోగమో చూపి వారు ఆ పని చేయలేదు. అంతటి ప్రమాదాన్ని తలకెత్తుకున్న బాలికను సమాజాన్ని కూడా మార్చమని నాయకత్వ శిక్షణ కోరితే, పెద్దల బాధ్యతను పిల్ల భుజాన పెట్టినట్టవుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. అర్థిత్వమే ప్రాతిపదిక అయితే, చదువు కోరని బాలిక మాటేమిటి? ఇది తేలికగా తోసివేయదగినది కాదు. కోరిక శూన్యంలో పుట్టదు. అచ్చమాంబకు కూడా పక్కన చదువుకునే తమ్ముడున్నాడు. ఆటోనగర్ షెడ్డులో అడుగుపెట్టని బాలిక లేతు పని నేర్చుకుంటానని అడగకపోవడాన్ని ఆమె అనాసక్తిగా లెక్కించడం, చూడనివ్వకపోవడాన్ని ఆమె నిర్ణయంగా నమోదు చేయడమే.