నాయకుల గానాభిరుచి

నాయకుడు వేదిక నెక్కి, ఫలాని పాట తనకు ప్రాణమని చెప్పినప్పుడు ఆ మాటను నమ్మవలెనా? ఈ ప్రశ్న మొదట అల్పముగా దోచును. ధాన్యపు ధర, కాలువ నీరు, బడిపంతుళ్ల జీతములు – వీనిని గూర్చి అతడు నిజము చెప్పినచో చాలదా, పాటతో మన కేమి పని యని కొందఱందురు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని పన్నులను గూర్చి పలికిన అబద్ధమును లెక్కలు పట్టియిచ్చును. ఇష్టమును గూర్చి పలికిన అబద్ధమును పట్టియిచ్చు లెక్క యేదియు లేదు. సాక్షి లేనిచోట మనుష్యుడు ఎట్లు మాటలాడునో అదియే అతని సత్యనిష్ఠకు కొలత. అందుచేత ఈ చిన్న ప్రశ్నను విడువక విచారింపదగునని మా యభిప్రాయము.

లోకులు భిన్నరుచులు గలవారని కాళిదాసే యొప్పుకొనెను. కావున నాయకునికి ఒక పాట ఇష్టము కాకుండుట నేరము కాదు. లేని ఇష్టమును ఉన్నదని చెప్పవలసిన అగత్యము ఎక్కడనుండి వచ్చుచున్నదో చూడవలెను. రాజుల కాలమున ప్రభువు పండితులను మెప్పింపవలసియుండెను. కావున సంస్కృతనాటకమును సభలో కొనియాడి, వీధిభాగవతమును చాటుగా చూచి యానందించెడివాడు. ఓట్ల కాలమున ప్రభువు జనమును మెప్పింపవలసియున్నది. కావున వీధిపాటను సభలో కొనియాడుచు, ఇంట నేమి వినునో, అసలు వినునో లేదో దాచుచున్నాడు. వేషము తిరుగబడినది; వేషము వేయుట మాత్రము పోలేదు.

మహాశివరాత్రినాడు నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండ తిరునాళ్లకు పోయినవారెల్లరు ఈ వింతను చూచియుందురు. ఊరూర కట్టుకొనివచ్చిన విద్యుత్ప్రభలు తాటిచెట్లను మించి నిలిచియుండును. వాని ముంగిట తెల్లవాఱువఱకు సినిమాపాటలు, ఆటలు సాగును. పక్షభేదము లేక నాయకులు వచ్చుదురు; పాట మ్రోగునప్పుడు తల యూపుదురు, చప్పట్లు చఱతురు. ఆ తలయూపు పాటకా, పాటకు గుమిగూడిన జనమునకా? చూచువాడు చెప్పజాలడు. ఒక్కొక్కప్పుడు ఊపువానికిని తెలియదని మా తలంపు.

ఈ సందేహము మనదేశమునకే చెందినది కాదు. 2006లో ఇంగ్లండున ఆర్థికమంత్రిగా నుండిన గోర్డన్ బ్రౌను ఒక స్త్రీల పత్రికతో మాటలాడుచు, ఆర్కిటిక్ మంకీస్ అను పడుచు గాయకుల బృందమును మెచ్చి, ఉదయమున వారి పాట మనుష్యుని బాగుగ మేల్కొలుపునని చెప్పినట్లు ప్రచారమయ్యెను. ఏబదియైదేండ్ల గంభీరస్వభావునికి ఈ పాటలెక్కడివని లోకము నవ్వెను. తన మాట వేఱు, ప్రచారమైన తీరు వేఱని ఆయన తరువాత సమాధానము చెప్పుకొనెను. ఆ యేటనే తమ పక్షపు మహాసభలో, ఆ బృందము భవిష్యత్తుకంటె ఆర్కిటిక్ ధ్రువప్రాంతపు భవిష్యత్తు తనకు ముఖ్యమని తన మీద తానే హాస్యమాడెను. ఇందు ఆయన తప్పు గొప్పది కాదు. అడిగిన ప్రశ్నయే ఒక బోను. తెలియదన్నచో ముసలివాడనిపించుకొనును, తెలియుననిన నటుడనిపించుకొనును.

డేవిడ్ కామెరాన్ సంగతి ఇంతకంటె విచారింపదగినది. ఆయన ప్రధానమంత్రి యగుటకు ముందునుండియు ది స్మిత్స్ అను బృందపు పాటలు తనకు ప్రియమని చెప్పుకొనుచుండెను. 2010 డిసెంబరులో ఆ బృందపు గిటారువాద్యకారుడు జానీ మార్, తమ పాటలు నీ కిష్టమని చెప్పుట మానుమనియు, ఇష్టపడుటను నిషేధించుచున్నాననియు ట్విట్టరులో ప్రకటించెను. అవి విద్యార్థుల రుసుములు మూడింతలు పెరుగనున్న దినములు. పార్లమెంటులో ఒక సభ్యురాలు ఈ సంగతి నెత్తి పొడువగా, కామెరాన్ ఆ బృందపు పాటల పేర్లనే చమత్కారముగా వాడి బదులు చెప్పెను. పేర్లు తెలిసినవి, పాటలు విన్నాడనుటలో సందేహపడ నక్కఱలేదు. అయినను పాట కట్టినవానికి తృప్తి కలుగలేదు. ఏలన, అతని పాట ఎవరి పక్షమున పుట్టినదో వారికి ఈ శ్రోత పాలనలో మేలు జరుగుట లేదని అతని నమ్మకము. పరీక్షలో కామెరాన్ ఉత్తీర్ణుడైనను గురువు పట్టా ఇయ్యలేదు.

మన యింటి ఉదాహరణమును చూతము. 2022లో విడుదలైన ఆర్.ఆర్.ఆర్. చిత్రములోని నాటు నాటు పాట చంద్రబోసు రచన, కీరవాణి స్వరకల్పన. దానికి 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబు, మార్చిలో ఆస్కారు బహుమానములు లభించినవి. నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.యస్. జగన్మోహనరెడ్డి గారు జనవరిలో తెలుగు జెండా ఎగురుచున్నదని హర్షము ప్రకటింపగా, గాయకుడు అద్నాన్ సామి అది భారతీయ జెండా యనవలెనని ఆక్షేపించెను. అంతట ఉభయపక్షముల వారును లేచిరి. వాదము జెండాను పట్టుకొని సాగెను. పాట వెనుక నిలిచిపోయెను. స్వజాతి గౌరవమునకు సంతోషించుట తప్పు కాదు, అది మంచి గుణమే. కాని అది గానాభిరుచి కాదు. బిడ్డకు పతకము వచ్చినదని పొంగు తండ్రి అందఱును బిడ్డ చదివిన గ్రంథమును ప్రేమించినవారు కారు.

ఇట్లయిన నిజమైన ఇష్టమును గుర్తించుట యెట్లు? కళాకారునికి చిత్తశుద్ధి ప్రధానమని టాల్‌స్టాయి ఘోషించెను. మన యాలంకారికులు శ్రోతకును నియమము పెట్టిరి. కావ్యాభ్యాసముచే మనస్సనెడి అద్దమును తుడిచి యుంచుకొన్నవాడు సహృదయుడని అభినవగుప్తుని మతము. కాని ఒకని యద్దము తుడిచి యున్నదో లేదో ఇతరులు తెలిసికొనుట యెట్లు? అందు ప్రతిబింబము కనబడవలెను గదా. ఆ ప్రతిబింబమే నడవడి యని మేము చెప్పుదుము. ఇష్టమునకు మూడు మెట్లున్నవి: నాలుక, చెవి, చేయి. నాలుకతో మెచ్చినవాడు వదంతిని మెచ్చినాడు. చెవితో మెచ్చినవాడు నాదమును మెచ్చినాడు. మెప్పు చేతివఱకు దిగి, తనకు కొంత నష్టమైనను పాటకుగాని, పాట పుట్టించినవానికిగాని ఏదో యొకటి చేయించినప్పుడే అది పూర్ణమైన ఇష్టము.

ఈ కొలతను మా పల్నాటిలోనే పెట్టి చూడవచ్చును. కారెంపూడిలో కార్తికమాసాంతమున వీరుల ఉత్సవములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు దినములు. వీరవిద్యావంతులు బ్రహ్మనాయుని కథ, బాలచంద్రుని కథ పాడుదురు. పండ్రెండవ శతాబ్దపు యుద్ధమును వినుచు ఈనాటి జనము కన్నీరు విడుచుట గలదు. ఆ కథకు నడిబొడ్డున చాపకూడు ఉన్నది. వేఱువేఱు కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టిన మాచెర్ల మంత్రి బ్రహ్మనాయుడు, మాలకన్నమదాసును కొడుకుగా, సేనానిగా స్వీకరించిన బ్రహ్మనాయుడు – ఇదియే ఆ పాటకు ప్రాణము. పౌరుషమును మెచ్చి తొడ చఱచుట సులభము. చాపకూడు ఘట్టమునకు తలయూపిన పెద్దమనుష్యుడు తన యింటి పంక్తిలో ఎవరిని కూర్చుండబెట్టుకొన్నాడని అడిగిన, ఇష్టము నాలుకమీదనున్నదో చేతిలోనున్నదో తేలిపోవును.

ఇంకను దగ్గఱ సాక్ష్యము వినుకొండ కవి జాషువ. 1895లో పుట్టిన ఈ మహాకవి శ్మశానపద్యములు హరిశ్చంద్ర నాటకమున చేరి, కాటిసీనులో ఊరూర మాఱుమ్రోగినవి. సినిమాపాట ఇంటింటికి రాకమున్ను తెలుగుపల్లెకు జనరంజకగానమనగా ఈ నాటకపద్యములే. హార్మోనియము శ్రుతిలో నటుడు రాగమెత్తగనే ముందువరుస కుర్చీలలోని మోతుబరులు వన్సుమోరు కొట్టెడివారు. అట్లు కొట్టినవారిలో ఎందఱు ఆ పద్యకర్తను తమ గడప లోపలికి పిలిచిరి? కులము పేరిట ఆయన పొందిన యవమానములు జగమెఱిగినవే. ఆ శ్రోతల చెవులు అబద్ధమాడలేదు. పద్యము వారికి నిజముగానే నచ్చినది. చెవికి నచ్చినంతమాత్రమున మనుష్యుడు మాఱడనుటకు ఇంతకంటె వేఱు దృష్టాంతము అక్కఱలేదు.

ఇందుకు ఎదురు దృష్టాంతమును అదే కవి జీవితమున నున్నది. తిరుపతి వేంకటకవులలో నొకరగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు వృద్ధులు, శతావధానులు, వైదిక బ్రాహ్మణులు. వారి పాండవోద్యోగ నాటకపద్యములు పల్లెపల్లెల పాడబడుచుండినవి. కీర్తికి కొదువ లేదు, ఒకరిని మెప్పింపవలసిన యవసరమును లేదు. అట్టివారు జాషువ పాదమును తమ చేతులతో ముట్టి గండపెండేరము తొడిగిరి. నాటి సంఘమున ఆ స్పర్శకు వెల గలదు. ఆ వెల తెలిసియే వారు చెల్లించిరి. పద్యము బాగున్నదని వేయిమార్లు చెప్పినను అంత స్పష్టముగా నుండదు. చేయి పలికిన పిదప నాలుకకు పని లేదు.

ఇక్కడ ఒక చిక్కు గలదు. నష్టమును సహించుటయే నిజాయితీకి గుఱుతైనచో, బి.వి. కేస్కరును మించిన నిజాయితీపరుడు లేడు. 1952లో సమాచార ప్రసారశాఖకు మంత్రియైన ఆయన శాస్త్రీయసంగీతమున అభినివేశము గలవాడు. సినిమాపాట జనుల రుచిని చెఱచుచున్నదని నమ్మి, ఆకాశవాణిలో దానిని ఆంక్షలతో అణచెను. నిర్మాతలతో తగవు పెరిగి, ఆ పాటలు ఆకాశవాణిలో వినబడుటయే మానినవి. శ్రోతలు రేడియో సిలోను త్రిప్పుకొనిరి. తుదకు 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమై, సినిమాపాట మరల నింట అడుగుపెట్టెను. కేస్కరు జనమునకు నచ్చని మాటను జనము ముఖముననే చెప్పెను. నటన ఆయన యొద్ద లేదు. కావున నిజాయితీ వేఱు, యుక్తాయుక్త వివేకము వేఱని గ్రహింపవలెను. శాస్త్రిగారు తమ రుచికి తమ చేతితో వెల యిచ్చిరి. మంత్రిగారు తమ రుచికి ముఖ్యముగా ఇతరుల చెవులచేత వెల యిప్పింపజూచిరి. అయినను అపహాస్యము మాత్రము ఆయన పాలిటిది కారాదు. కపటపు మెప్పుకంటె నిష్కపటమైన నిరాకరణమును జనము ఎదుర్కొనగలదు, ఎదుర్కొన్నది గూడ.

అయితే నాయకుడును మనుష్యుడే గదా, పగలంతయు పనిచేసి రాత్రి ఒక పాట విని యానందించుటకు గూడ వెల యీయవలెనా యని అడుగవచ్చును. అక్కఱలేదు. తన గదిలో వినునంతవఱకు అది అతని సొంత సుఖము. దానిపై మనకు అధికారము లేదు. కాని ఆ యిష్టమును వేదికమీద చాటినప్పుడు అతడు ఊరక చాటుట లేదు. నేను మీవాడను, నమ్ముడని దాని మాటున అడుగుచున్నాడు. ఒకటి అడిగినవాడు ఒకటి ఇచ్చుటకు బద్ధుడు. పాట పేరు చెప్పి విశ్వాసము తీసికొనువాడు పాట తరఫున బాకీపడినట్లే.

ఈ బాకీ నాయకులదే యని మన మూరకుండరాదు. మన యిండ్లలోను పాటకు మర్యాద, పాడువానికి అమర్యాద జరుగుట క్రొత్త గాదు. గ్రామఫోనులోనుండి వచ్చు కంఠమునకు చావడిలో పీట వేసి, ఆ కంఠము గల కళావంతుల స్త్రీకి గుమ్మము మూసిన కుటుంబములు ఒకనాడు ఎన్నియో. పెండ్లిలో సన్నాయిని మెచ్చిన వియ్యంకులు, మేళగాండ్రను కడపటి బంతికి నెట్టుట నేటికిని పలుచోట్ల కలదు. అతిథుల యెదుట బిడ్డచే త్యాగరాజకీర్తన పాడించి, వారు పోయినపిదప మనము వినునది వేఱైనచో, ఆ బిడ్డ నేర్చునది కీర్తన గాదు. ఇష్టము ఒకటి, ఇష్టమని చెప్పదగినది వేఱొకటి యను విద్య. రేపటి వేదికలకు నటులు తయారగునది ఈ చావడులలోనే. నచ్చనిది నచ్చలేదని మర్యాదగా చెప్పుటకు బిడ్డలకు స్వాతంత్ర్యము నిచ్చుట, సినిమాపాట నచ్చినచో సిగ్గుపడక వినుట, పాడినవానిని మనతోపాటు పంక్తిలో కూర్చుండబెట్టుకొనుట – ఈ మూడును ఏ యింటివారైనను నేడే చేయగల పనులు.

ఇక ఓటడుగ వచ్చినవానిని మీకే పాట ఇష్టమని అడుగుట మానుదము. ఆ ప్రశ్నకు జవాబు ఎవరైనను వ్రాసియీయగలరు. మీ ప్రాంతమున ఆ పాట పాడువారు ఎట్లు బ్రతుకుచున్నారు, వారికై మీరేమి చేసితిరని అడుగుదము.