గట్టు మీది తుమ్మ

వాక్య భాగం: నిర్గమకాండము 35:20–29

డిసెంబరులో జహీరాబాద్ చలి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. తెలంగాణలో నిన్న రాత్రి ఎక్కడ చలి బాగా పడిందో చెప్పే వార్తల్లో కోహీర్, ఝరాసంగం, జహీరాబాద్ పేర్లు ఏటా వినిపిస్తూనే ఉంటాయి. చేలల్లో చెరుకు నరుకుతుంటారు. కంది ఎండుతుంటుంది. కోహీర్ జామకాయలు బొంబాయి రోడ్డు పక్కన గంపల్లోకి దిగుతాయి. నవంబరులో ధారూర్ మెథడిస్టు జాతరకు పోయివచ్చిన ఇళ్లల్లో సున్నాలు మొదలవుతాయి. పండుగకు కావలసినవన్నీ ఉన్నాయి మా వైపు, ఒక్కటి తప్ప. క్రిస్మస్ కార్డుల మీద కనిపించే ఆ పచ్చటి మంచుకొండ చెట్టు మా నేలలో మొలవదు. కోస్తావాళ్లకు సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలున్నాయి. కాస్త దూరంగా నిలబెట్టి చూస్తే సరుగుడు కొమ్మ కార్డు మీది చెట్టులాగే ఉంటుంది. మాకున్నవి నల్లరేగడి, ఎర్రమట్టి, వాటి గట్ల మీద నల్ల తుమ్మ.

అందుకే ఒకప్పుడు మా ఇంట్లో క్రిస్మస్ చెట్టంటే తుమ్మ కొమ్మే. పండుగ ముందురోజు పొద్దున నాయిన గొడ్డలి పట్టుకొని చేనికి పోయేవాడు. గుండ్రంగా కొమ్మలు పరుచుకున్నదాన్ని చూసి కొట్టి, చేతులకు గీసుకోకుండా గోనెసంచి చుట్టి తెచ్చేవాడు. పాత నూనె డబ్బాలో రాళ్లు, ఎర్రమట్టి కూరి దాన్ని నిలబెట్టేవాళ్లం. డబ్బా చుట్టూ మెరుపు కాగితం. ఇక అసలు పని అమ్మది. పత్తి ఏరడం అప్పటికింకా నడుస్తూనే ఉండేది కాబట్టి ఇంట్లో పత్తికి కొదవ లేదు. గింజ తీసి, దూది విడదీసి, కొమ్మ మీద వేసేది. దారం అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. తుమ్మ ముళ్లు తెల్లగా, జంటలు జంటలుగా ఉంటాయి. దూది ఎక్కడ తగిలితే అక్కడే పట్టుకుంటాయి. మంచు పడ్డ చెట్టు మేమెవరమూ చూసినవాళ్లం కాదు. అయినా ఆ కొమ్మ మీద మంచు పడ్డట్టే ఉండేది.

దూది అయ్యాక జొన్న పేలాలు. ఒక్కో ముల్లుకు ఒక్కో పేలం గుచ్చాలి. ఇది పిల్లల పని. గుచ్చినవాటికన్నా నోట్లోకి పోయినవే ఎక్కువ. చిన్న కొమ్మల చివర్లకు చాక్లెట్ కాగితాలు, రెండు మూడు గాజులు. తమ్ముడికి మాత్రం బుగ్గలు కావాలి. ఊది, మూతి కట్టి తెచ్చి చెట్టుకు వేలాడదీసేవాడు. చేయి తీసేలోపు ఫట్‌మనేది. "ముళ్ల చెట్టుకు బుగ్గలు కడతారురా ఎవరన్నా? పోయి దర్వాజకు కట్టు పో" అని అమ్మ కసిరేది. వాడు మరుసటి ఏడాది మళ్లీ కట్టేవాడు.

తుమ్మాకుకు ఓపిక తక్కువ. కొట్టిన కొమ్మకు సాయంత్రానికే ఆకు ముడుచుకుంటుంది, మర్నాటికి రాలడం మొదలుపెడుతుంది. పండుగ నాడు మధ్యాహ్నం బగారా అన్నాలకు చుట్టాలు వచ్చేసరికి మా చెట్టు మీద ఆకు సగం కూడా ఉండేది కాదు. ముళ్లు, దూది, పేలాలు మిగిలేవి. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. గరిజెలు తింటూ దాని పక్కనే కూర్చునేవారు.

క్రిస్మస్ చెట్టు బైబిల్లో ఎక్కడుందని అడిగేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. లేదు. బగారా అన్నమూ లేదు. చెట్టు అలంకరించే ఆచారం జర్మనీ ఇళ్లలో పెరిగింది. 1848లో ఒక లండన్ పత్రిక విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మను అచ్చువేసింది. దాంతో ఆ ఆచారం ఇంగ్లండులో ఇల్లిల్లూ తిరిగింది, అమెరికాకూ పాకింది. మిషనరీల సామానుతో మన దాకా వచ్చింది. ఇంకొందరు యిర్మీయా 10వ అధ్యాయం తెరిచి, అడవిలో చెట్టు నరికి వెండి బంగారాలతో అలంకరించడం తప్పని రాసి ఉందంటారు. ఆ అధ్యాయం ఆసాంతం చదివితే ప్రవక్త కోపం చెక్కిన బొమ్మకు మొక్కడం మీదేనని తెలుస్తుంది. మా తుమ్మ కొమ్మకు మొక్కినవాళ్లు ఎవరూ లేరు. పండుగ దాటాక అది పొయ్యిలోకి పోయేది. ఆ చలిలో మా స్నానాలకు నీళ్లు కాగేవి.

అడగదగిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దేవుని సన్నిధికి ఏది తగిన వస్తువు? ఈ రోజు వాక్యభాగం దాని గురించే.

సీనాయి అరణ్యంలో గుడారం కట్టాలి. మోషే ప్రజలను పిలిచి, మనసున్నవాళ్లు తేవచ్చన్నాడు. తెచ్చారు. కమ్మలు, ఉంగరాలు, కంకణాలు, ఎర్రనూలు, నీలినూలు, వెండి, ఇత్తడి. చివరికి ఇక చాలు, తేవద్దని పాళెమంతా చాటించాల్సి వచ్చింది (36వ అధ్యాయం చూడండి). చందా పుస్తకం చంకన పెట్టుకొని తిరిగే మన సంఘ పెద్దలకు ఇది నమ్మశక్యం కాని వచనం. ఆ జాబితా మధ్యలో, 24వ వచనంలో, తుమ్మకర్ర ఉన్నవాళ్లు తుమ్మకర్ర తెచ్చారని ఉంది. అధిపతులు రత్నాలు తెచ్చిన మాట ఆ తర్వాత, 27వ వచనానికి గాని రాదు.

బంగారం తెచ్చినవాళ్ల పక్కన కర్ర మోపు దించినవాడు ఎట్లా నిలబడి ఉంటాడో ఊహించండి. అయితే ఆ బంగారం ఎక్కడిది? ఐగుప్తు వదిలే రాత్రి పొరుగువాళ్లను అడిగి తెచ్చుకున్నది (నిర్గమ 12:35–36). తుమ్మ మాత్రం వాళ్లు నడుస్తున్న ఆ ఎండనేలలోనే దొరికింది. ఆ ఎడారి తుమ్మ, మన గట్టు మీది నల్ల తుమ్మ అచ్చంగా ఒకటి కావు గానీ దగ్గరి చుట్టాలే: అదే ముల్లు, అదే గట్టి కర్ర, నీళ్లు లేకున్నా అదే మొండి బతుకు. ఆ కర్రతోనే మందసం చేశారు, రెండున్నర మూరల పొడవున. సన్నిధి రొట్టెలు పెట్టే బల్ల దానితోనే. బలిపీఠం, ధూపవేదిక, గుడారపు పలకలు, మోసే దండెలు, అన్నీ తుమ్మే. మందసానికి లోపలా బయటా బంగారు రేకు తొడిగారు కాబట్టి కర్ర ఎవరికీ కనిపించదు. కానీ రేకు తనంతట తాను నిలబడదు. ఇశ్రాయేలీయులు భుజాన మోసిన బరువు తుమ్మ మీద ఆనింది.

ఈ పని చేసిన బెసలేలును దేవుడు పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపానన్నాడు. చెక్కడం, అతకడం, పొదగడం, అలంకరించడం, ఇవీ ఆయనకిచ్చిన వరాలు. ఆడవాళ్లు మేకవెంట్రుకలు వడికారని కూడా గ్రంథం మరిచిపోకుండా రాసింది. ఆరాధనకు ముందురోజు గుడిలో నేల కడిగి, బంతిపూల దండలు గుచ్చి, నిచ్చెనెక్కి తోరణాలు కట్టేవాళ్లను మన సంఘాల్లో "సేవ చేసేవాళ్లు" అనరు. ప్రసంగం చేసేవాళ్లనే అంటాం. నిర్గమకాండం లెక్క వేరుగా ఉంది.

మా ఇంటి అలంకరణలోనూ ఐగుప్తు బంగారం కొంత ఉండేది. పక్క గల్లీలో పతంగులు చేసే చాచా ఉండేవాడు. సంక్రాంతి గిరాకీ మొదలయ్యే రోజులవి. ఆయన చేతికి తీరిక ఉండేది కాదు. అయినా నాయిన పోతే వెదురుపుల్లలు తానే చీల్చి, నున్నగా గీకి ఇచ్చేవాడు. ఎర్ర పతంగి కాగితం, పచ్చ పతంగి కాగితం ఆయన దుకాణానివే. అమ్మ మైదాపిండి లై కాచేది. ఐదు మూలల చుక్క కట్టి, లోపల బల్బు పెట్టి, గూనపెంకుల ఇంటి మీద గడకు ఎత్తేవాళ్లం. సీరియల్ బల్బులు టెంట్ హౌజు నుంచి అరువు. గట్టు మీది కొమ్మ, దూది, పేలాలు మావి. మిగతాది చాలావరకు ఇరుగుపొరుగు ఇచ్చింది.

ఉమ్మడి మెదక్ జిల్లావాళ్లం కాబట్టి, ఏది ఎవరి చేతిదన్న మాట దగ్గర మెదక్ గుడి గుర్తుకు రాకుండా ఉండదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన ఆ గుడి అద్దాల కిటికీలకు బొమ్మలు గీసింది ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. రాళ్లు మోసింది కరువు రోజుల్లో కూలి కోసం వచ్చిన చుట్టుపక్కల పల్లెల జనం. చూసేవాళ్లు అద్దాలకే ఫోటోలు తీస్తారు. తీసుకోనివ్వండి, అవి అందమైనవే. గోడ మాత్రం పల్లెటూరి చేతుల మీద లేచింది.

ముళ్లనగానే ముళ్లకిరీటం దాకా పోవడం మన ప్రసంగాల అలవాటు. నాకూ నోటిదాకా వచ్చింది. మంచి శుక్రవారం మాట మంచి శుక్రవారానికే ఉంచుదాం. క్రిస్మస్‌లో తుమ్మ చెప్పేది ఇంకొకటి. జనం ఎక్కడుంటే అక్కడికి తానే నడిచివచ్చిన దేవుడు, అక్కడ మొలిచే కర్రతోనే ఇల్లు కట్టమన్నాడు. లెబానోను దేవదారు వచ్చేదాకా ఆగమనలేదు. దేవదారుల మందిరం సొలొమోను కాలానికి వచ్చింది. అప్పటిదాకా తుమ్మతోనే గడిచింది. బేత్లెహేములోనూ అంతే. సత్రంలో చోటు దొరికేదాకా పుట్టుక ఆగలేదు. పశువుల తొట్టి చేతికందింది, అదే ఊయల అయింది.

ఇప్పుడు జహీరాబాద్ బజారులో మడతపెట్టే ప్లాస్టిక్ చెట్లు అన్ని సైజుల్లో దొరుకుతున్నాయి. గట్లు చదునైపోతుంటే తుమ్మలు కూడా తగ్గాయి. మా ఇంట్లోనూ ఇప్పుడు ప్లాస్టిక్‌దే. అమ్మ చేతుల్లో మునుపటి సత్తువ లేదు. ముల్లు గుచ్చుకుంటే మానడం ఆలస్యం. మనవలు పెట్టె విప్పి కొమ్మలు విడదీస్తే, ఎక్కడ ఏది కట్టాలో ఆమె మంచం మీద కూర్చొని చెబుతుంది. దూది దానికి పట్టదు, జారిపోతుంది. టేపు అంటిస్తారు. ప్లాస్టిక్ చెట్టు పెట్టినందుకు ఎవరినీ తప్పుపట్టను. అది కూడా లేనివాళ్లు "మా ఇంట్లో ఏముందని పండుగ?" అన్నప్పుడే 24వ వచనం చూపించాలనిపిస్తుంది.

ఈ రోజు ఇంట్లో ఒకసారి చుట్టూ చూడండి. ప్రభువుకు ఇవ్వడానికి మీరు సిగ్గుపడి పక్కన పెట్టిన పని ఏది? మొరటు గొంతేమో, వంట చేసే చేయేమో, లెక్కలు రాసే ఓపికేమో, ఎవరి ఇంట్లో చావైనా ముందుగా పోయి నిలబడే అలవాటేమో. దాని పేరు చెప్పి ప్రార్థించండి.

ప్రార్థన: ప్రభువా, తుమ్మకర్రను నీ మందసానికి కోరుకున్న దేవా, మా దగ్గర ఉన్నది తీసుకో. చెరుకు చేల పక్కన ఆకు గుడిసెల్లో పిల్లలతో పండుగ గడిపే నరుకుడు కూలీలను చలి నుంచి కాపాడు. బతుకుదెరువుకు బొంబాయికి, గల్ఫుకు పోయి ఈసారి సెలవు దొరకని మా ఇంటివాళ్లకు తోడుండు. మా ఇంటి చుక్కకు కాగితమిచ్చిన పొరుగువాళ్ల ఇళ్లను దీవించు. రేపు గుడి ఊడ్చే చేతులకు బలమివ్వు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.