ఇచ్చిందెంత, వచ్చిందెంత

శిఖర్ ధావన్‌ని వదులుకుని సన్‌రైజర్స్ బాగుపడిందా, చెడిందా? ఈ ప్రశ్న పుట్టి ఏడేళ్లు దాటింది. ధావన్ 2024 ఆగస్టులో ఆటకే వీడ్కోలు చెప్పేశాడు. అయినా భద్రాచలం దాటి యటపాక వైపు వెళ్లే దారిలోని టీ కొట్టు దగ్గర సాయంత్రం పూట నలుగురు కుర్రాళ్లు చేరితే చాలు, ఈ మాట మళ్లీ లేస్తుంది. ఒకడు సారపాక పేపర్ మిల్లులో కాంట్రాక్టు పనికి వెళ్లి వచ్చినవాడు, ఇంకొకడు మిరపతోటలో మందు కొట్టి చేతులు కడుక్కుని వచ్చినవాడు. కాలక్షేపం కబుర్లని పెద్దలు కసురుకుంటారు. నాకు మాత్రం అక్కడ కూర్చుని వినడం ఇష్టం. ఇచ్చిపుచ్చుకోవడాల గురించి మనుషులు నిజంగా ఏమనుకుంటారో ఆ వాదనలో తెలిసినంతగా నాకు మరెక్కడా తెలియలేదు.

"ఫైనల్ దాకా తీసుకెళ్లినోడ్ని పంపేసి ముగ్గుర్ని తెచ్చారు బావా. అందులో ఇద్దరు ఏమయ్యారో చెప్పు ముందు."

"మూడోవాడు ఏమయ్యాడో నువ్వు చెప్పు మరి!"

వాదన మొత్తం ఈ రెండు మాటల్లో ఉంది. మిగతాదంతా అంకెలు.

ఆ అంకెలు చెప్పుకుందాం. ధావన్ ఢిల్లీవాడే అయినా 2011లో డెక్కన్ చార్జర్స్‌కి వచ్చి, ఆ జట్టు పోయి సన్‌రైజర్స్ వచ్చినా హైదరాబాద్‌లోనే ఉండిపోయాడు. 2016లో కప్పు గెలిచిన ఏడాది 501 పరుగులు, 2018లో ఫైనల్‌కి వెళ్లిన ఏడాది 497. ఆ 2018 వేలానికి ముందు సన్‌రైజర్స్ వార్నర్‌నీ భువనేశ్వర్‌నీ అట్టిపెట్టుకుని ధావన్‌ని వేలానికి వదిలింది. తర్వాత రైట్ టు మ్యాచ్ కార్డు చూపించి 5.2 కోట్లకు వెనక్కి తెచ్చుకుంది. ఆ ధర తనకు నచ్చలేదని ధావన్ చెబుతూ వచ్చాడనీ, పెంచుదామంటే నిబంధనలు ఒప్పుకోవనీ తర్వాత జట్టే ప్రకటించింది. 2018 నవంబరులో అతన్ని ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మలను తెచ్చుకుంది. మొదటి ఇద్దరూ చెరో 3.2 కోట్ల ఆటగాళ్లు. మూడోవాడు అమృత్‌సర్ కుర్రాడు, పద్దెనిమిదేళ్లవాడు, 55 లక్షలు. బేరం కుదిరిన రోజు అందరి చూపూ శంకర్ మీదే ఉంది. అభిషేక్ పేరు వార్తల్లో చివర వచ్చింది.

మరుసటి ఏడాది మే 8న విశాఖపట్నంలో ఎలిమినేటర్. సన్‌రైజర్స్‌ని ఇంటికి పంపింది ఢిల్లీయే, రెండు వికెట్ల తేడాతో, ఒక్క బంతి మిగిలుండగా. ఆ మ్యాచ్‌లో ధావన్ పెద్దగా కొట్టలేదు గానీ, 2020 నవంబరు 8న అబుదాబిలో వడ్డీతో సహా తీర్చాడు. ఫైనల్‌కి ఎవరు వెళ్లాలో తేలే మ్యాచ్‌లో 50 బంతుల్లో 78 కొట్టాడు. సన్‌రైజర్స్ 17 పరుగుల తేడాతో ఓడింది. ఢిల్లీకి ఆడిన మూడు సీజన్లలో అతను చేసినవి 521, 618, 587. అప్పటికి అభిషేక్ మన జట్టులో ఎప్పుడు ఆడతాడో, ఏ నంబర్లో దిగుతాడో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి లెక్క కట్టి ఉంటే ఈ బేరాన్ని వెనకేసుకొచ్చే మనిషి గోదావరి ఇవతల గానీ అవతల గానీ దొరికేవాడు కాదు.

2025 ఏప్రిల్ 12న కడదాం అదే లెక్క. శ్రీరామనవమి అయి ఆరు రోజులు. ఉప్పల్‌లో పంజాబ్ 245 కొట్టింది. జవాబుగా అభిషేక్ 55 బంతుల్లో 141, పది సిక్సులు. అప్పటికి ఐపీఎల్‌లో ఒక భారతీయుడు చేసిన అత్యధిక స్కోరు అది. 28 దగ్గర క్యాచ్ ఇస్తే అది నోబాల్ అయింది. సెంచరీ కాగానే జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, ఇది ఆరెంజ్ ఆర్మీ కోసమని రాసి ఉన్నది, స్టేడియం అంతటికీ కనిపించేలా పట్టుకున్నాడు. ఆ కాగితం ఆరు మ్యాచ్‌లుగా అతని జేబులోనే ఉందని ట్రావిస్ హెడ్ తర్వాత చెప్పాడు. అంతకుముందు మ్యాచ్‌ల్లో వరసగా విఫలమైన కుర్రాడు, ప్రతిసారీ ఆ కాగితం పెట్టుకుని దిగి, తీయకుండానే తిరిగొచ్చాడు. నాకు ఆ 141 కన్నా ఇదే ఎక్కువ గుర్తుంది.

ఒకే బేరం. ఒక రాత్రి తెలివితక్కువతనం, ఇంకో రాత్రి దూరదృష్టి. మధ్యలో బేరంలోని షరతు ఒక్కటీ మారలేదు, మనం లెక్క కట్టే తేదీ మారిందంతే. సంతలో చింతపండు పోసి ఉప్పు తెచ్చుకుంటే సాయంత్రానికి సంగతి తేలిపోతుంది, సంత ఎత్తేస్తారు. మనుషుల్ని ఇచ్చిపుచ్చుకున్నప్పుడు సంత ఎత్తేసే గంట లేదు. కాబట్టి "లాభమా, నష్టమా" అని అడిగినవాడు ఏ తేదీ మనసులో పెట్టుకుని అడుగుతున్నాడో ముందు చెప్పాలి. టీ కొట్టు దగ్గర ఎవరూ చెప్పరు. ధావన్ పక్షం వాడు 2020లో నిలబడి అరుస్తాడు, అభిషేక్ పక్షం వాడు 2025లో నిలబడి అరుస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు కాబట్టి ఎవడూ తగ్గడు.

బేస్‌బాల్ అభిమానులకు ఇలాంటిదే ఒక పాత పంచాయితీ ఉంది. 1987 ఆగస్టులో డెట్రాయిట్ జట్టుకు అప్పటికప్పుడు గెలిపించే బౌలర్ లాంటివాడు కావాల్సి వచ్చింది. 36 ఏళ్ల డోయల్ అలెగ్జాండర్‌ని తెచ్చుకుని, కింది స్థాయి జట్టులో ఉన్న ఇరవై ఏళ్ల జాన్ స్మోల్ట్జ్‌ని అట్లాంటాకి ఇచ్చేసింది. అలెగ్జాండర్ ఆ సీజన్లో తొమ్మిది గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. డెట్రాయిట్ తన డివిజన్లో మొదటి స్థానంలో నిలిచింది. స్మోల్ట్జ్ అట్లాంటాకి ఇరవై ఏళ్లు ఆడి, 1995లో ప్రపంచ సిరీస్ గెలిచిన జట్టులో ఉండి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు. డెట్రాయిట్ తప్పు చేసిందని ఇప్పుడు అందరూ అంటారు. నేను అనను. ఆ సెప్టెంబరులో డెట్రాయిట్ గ్యాలరీలో కూర్చుని గొంతు పోయేలా అరిచినవాడికి దక్కిన సంతోషం ఇరవై ఏళ్ల తర్వాత అబద్ధమైపోతుందా? తర్వాత వచ్చింది పెద్దదైనంత మాత్రాన ముందు అనుభవించింది చెరిగిపోదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అభిషేక్ ఆ బేరం వల్లే మనకు దక్కాడా? 2022 వేలానికి ముందు సన్‌రైజర్స్ అతన్ని అట్టిపెట్టుకోలేదు. వేలంలో పాడుకుని 6.5 కోట్లకు తిరిగి తెచ్చుకుంది. ఆ రోజు ఇంకో జట్టు ఇంకొంచెం పైకి పాడి ఉంటే 2018 బేరం శుద్ధ నష్టంగా పుస్తకాల్లో ఉండిపోయేది. యువరాజ్ సింగ్ అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పకపోయినా, కమిన్స్ కెప్టెన్సీలో 2024లో ఆ జట్టు మొదటి బంతి నుంచే బాదాలని తీర్మానించుకోకపోయినా ఈ కథ ఇలా ఉండేది కాదు. అందుకే నా తీర్పు రెండు ముక్కలు. 2018లో చేసిన పని మంచిది కాదు, ఎందుకంటే జట్టుకి ఆరు సీజన్లు ఓపెనింగ్ చేసినవాణ్ణి ధర దగ్గర చిన్నబుచ్చి పోగొట్టుకున్నారు. దాని నుంచి పుట్టింది మాత్రం చాలా మంచిది. ఈ రెండో వాక్యం మొదటి వాక్యాన్ని చెరిపేయదు. ఫలం బాగుందని పనిని మెచ్చుకునే అలవాటు మనకు ఎక్కువ. అది ఆటలో పెద్దగా హాని చేయదు.

ఆట బయట హాని చేస్తుంది. ఆ మాట మా కుర్రాళ్లలో ఒకడే నాకు చూపించాడు. యటపాక వైపు వాడు. ధావన్ వాదన మంచి రంజుగా ఉన్నప్పుడు నా వైపు తిరిగి అడిగాడు: "మరి మమ్మల్ని ఇచ్చినప్పుడు ఏం వచ్చింది సార్?"

"రాష్ట్రం వచ్చింది కదరా," అన్నాడు భద్రాచలం వాడు.

"రాష్ట్రం మీకొచ్చింది."

ఆ ఇద్దరూ వరసకు బావాబామ్మర్దులు. ఇద్దరి ఇళ్లకీ మధ్య దూరం నడిచి వెళ్లేంత. 2014 ఏప్రిల్ 30న ఈ ప్రాంతం వాళ్లంతా భద్రాచలం నియోజకవర్గం ఓటర్లుగా ఒకే రోజు ఓటేశారు. మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. జులై 11న దాని స్థానంలో తెచ్చిన బిల్లుకి లోక్‌సభ ఆమోదం తెలిపింది. పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో ఖమ్మం జిల్లా ఏడు మండలాల్లోని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి: కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు, భద్రాచలం మండలంలో పట్టణం మినహా మిగతాది. రాముడి గుడి తెలంగాణలో ఉంది, పురుషోత్తపట్నంలోని గుడి భూములు ఆంధ్రలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు యటపాక వాళ్లకు జిల్లా కేంద్రం పాడేరు అయింది, రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఆసుపత్రికీ బజారుకీ మాత్రం ఇప్పటికీ భద్రాచలమే.

ఐపీఎల్‌లో ఒక ఆటగాణ్ణి ఇంకో జట్టుకి ఇవ్వాలంటే రెండు జట్లు ఒప్పుకుంటే సరిపోదు, ఆటగాడు కూడా ఒప్పుకోవాలి. ధావన్ ఒప్పుకునే వెళ్లాడు, సొంత ఊరికి వెళ్లాడు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం సరిహద్దులు మార్చాలంటే రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి. అది ఒప్పుకుని తీరాలని లేదు. ఇక ఊరి అభిప్రాయం అన్న మాటే అందులో రాదు. ఒక బ్యాట్స్‌మన్‌కి ఉన్న హక్కు ఒక కోయ గూడేనికి లేదని రాయడానికి నాకు బాధగా ఉంది, కానీ ఉన్నది అదే.

ఇక్కడ కూడా తేదీల పంచాయితీ ఉంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులోని 75.6 తర్వాత అంత వరద ఇదే. అప్పుడు తెలంగాణ వైపు నుంచి యటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ ఐదు పంచాయతీలైనా తిరిగి ఇవ్వమన్న డిమాండ్ గట్టిగా వినిపించింది. ఆ వారం ఎవర్ని అడిగినా బేరం నష్టమే. ప్రాజెక్టు పూర్తయి దిగువన పొలాలు తడిసే ఏడాది గోదావరి జిల్లాల్లో అడిగితే లాభమంటారు, వాళ్లు అనేదీ నిజమే. "ఓపిక పట్టండి, ఫలితం ముందు ముందు తెలుస్తుంది" అని పెద్దమనుషులు చెప్పే మాట అచ్చం అభిషేక్ అభిమాని చెప్పే మాటే.

ఆ మాట ఆటలో చెల్లుతుంది. ఎందుకంటే ఆటలో వచ్చే సీజన్ ఉంటుంది, పోయినవాణ్ణి వేలంలో 6.5 కోట్లకు మళ్లీ తెచ్చుకోవచ్చు. పోలవరం పూర్తిస్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు. అక్కడిదాకా నీళ్లు నిలిచాక కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో మునిగే గూడెం ఏ వేలంలోనూ తిరిగి రాదు. ఇప్ప చెట్లు, గొడ్లు మేసిన బీడు, పండగ చేసుకునే గట్టు, వీటికి వచ్చే సీజన్ లేదు. ప్రాజెక్టు కింద కదలాల్సిన కుటుంబాలు దాదాపు లక్ష. అందులో ఎక్కువమంది గిరిజనులు. వేచి చూడమని చెప్పేవాడి ఇల్లు మునగదు. అందుకే ఊళ్ల విషయంలో లెక్క బేరానికి ముందే, మునిగేవాళ్ల ఎదుట కట్టాలంటాను. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది, అంటే ఈ ఆలోచన నాకొక్కడికే వచ్చింది కాదు.

ఈ మధ్య కుర్రాళ్ల దగ్గర కొత్త కేసు ఉంది. 2025 నవంబరులో సన్‌రైజర్స్ మహమ్మద్ షమీని లక్నోకి ఇచ్చేసింది, పది కోట్ల ఆటగాణ్ణి. అభిషేక్ 141 కొట్టిన అదే రాత్రి, అదే ఉప్పల్‌లో షమీ నాలుగు ఓవర్లలో 75 ఇచ్చాడు, ఐపీఎల్‌లో అప్పటిదాకా ఏ భారత బౌలరూ అన్ని ఇవ్వలేదు. అది చూసినవాళ్లు పంపడమే మంచిదంటున్నారు, అతని పాత వికెట్లు లెక్కపెట్టేవాళ్లు వద్దంటున్నారు. నన్ను అడిగితే పదేళ్లాగి చెబుతానన్నాను, అప్పటిదాకా ఎటువైపైనా వాదిస్తానని కూడా అన్నాను. ఆ ఐదు పంచాయతీల సంగతికి మాత్రం పదేళ్లు ఇవ్వను. 2014 నుంచి గడిచిందే చాలా ఎక్కువ. ఆ ఊళ్లలో గ్రామసభ పెట్టి, మీరు ఎటుంటారని అక్కడివాళ్లను అడిగి, వాళ్ల జవాబు రాసుకోవడానికి ఒక్క రోజు పడుతుంది.