కిటుకు చెప్పేస్తే విలువ తగ్గుతుందా?

హొసకోటె



కష్టపడి పట్టుకున్న మెషిన్ సెట్టింగ్ కిటుకును పక్క షిఫ్టు వాళ్లకు చెప్పేస్తే ఇక నీకేం విలువ ఉంటుందని అడిగావు. న్యాయమైన భయమే. కానీ ఆ కిటుకు నీ ఒక్కడి దగ్గరే ఉన్నంతకాలం నీకు తెలిసిన మేరకే పనికొస్తుంది. దాన్ని ఇంకో అవసరం ఉన్న మనిషి చూసినప్పుడే అందులోంచి కొత్తది పుడుతుంది. మీ పారిశ్రామికవాడకు దగ్గర్లోనే, శిడ్లఘట్ట రోడ్డులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వారి క్రెస్ట్ ప్రాంగణం ఉంది. సూర్యుణ్ణి పరిశీలించే ఆదిత్య-ఎల్1 వ్యోమనౌకలోని ప్రధాన పరికరం వెల్క్‌ను అక్కడే కూర్చారు. 2023 జనవరి 26న ఇస్రోకు అప్పగించారు. అదే ఏడు సెప్టెంబరు 2న ఆ వ్యోమనౌక శ్రీహరికోట నుంచి ఎగిరింది. వెల్క్ చూడాల్సిన కరోనా, అంటే సూర్యుడి బయటి వాతావరణం, వెలుగు సూర్యబింబం వెలుగులో సుమారు పదిలక్షలో వంతు. అద్దంలో కంటికి ఆనని గరుకున్నా, మీద దుమ్ము పడ్డా, చెదిరిన వెలుగు కరోనాను కప్పేస్తుంది. అద్దం నునుపు చేసేవాళ్లు, బిగించేవాళ్లు, గది శుభ్రత చూసేవాళ్లు, లెక్కలు కట్టేవాళ్లు ఎవరికి తెలిసింది వాళ్లే దాచుకుంటే ఇలాంటి పరికరం తయారవదు. బిగింపులో ఎక్కడ ఒత్తిడి పడుతోందో చేత్తో బిగించిన మనిషి చెప్పకపోతే, డిజైన్ గీసినవాళ్లకు అది కాగితం మీద కనబడదు.

చెప్పినవాడి పేరు పోతుందన్నది నీ అసలు బాధ. అలా పోదనడానికి చరిత్రలో మంచి సాక్ష్యముంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల్లో నీళ్లు తోడే ఆవిరి యంత్రాల మీద 1811 నుంచి నెలనెలా ఒక నివేదిక అచ్చయ్యేది. పేరు లీన్స్ ఇంజన్ రిపోర్టర్. ఏ యంత్రం ఎంత బొగ్గుకు ఎన్ని నీళ్లు తోడింది, దాని ఇంజనీరు ఎవరు అన్నవి అందులో ఉండేవి. ఒకరు చేసిన మార్పు మీద మరొకరు ఇంకోటి చేర్చారు. కొన్ని దశాబ్దాల్లోనే అంతే బొగ్గుతో తోడే నీళ్లు రెండింతలు దాటాయి. పోటీదారులకు కూడా తెలిసిపోయినా మంచి ఇంజనీర్లకు గిరాకీ పోలేదు. వాళ్ల పనితనం నలుగురికీ తెలిసిందే ఆ నివేదిక వల్ల. మన కాలంలో జిరాక్స్ కంపెనీ మరమ్మతు సాంకేతికులు యురేకా అనే వ్యవస్థలో తమ చిట్కాలను రాసుకున్నారు. తోటి సాంకేతికులే వాటిని సరిచూసేవాళ్లు. ప్రతి చిట్కాకూ రాసినవాళ్ల పేరు ఉండేది.

పేరు మింగేసే సూపర్‌వైజర్లు ఉంటారు, కాదనను. అలాంటిచోట మనుషులు నోరు మూసుకోవడం సహజం. దాచుకునే అలవాటును చాలాచోట్ల యాజమాన్యాలే నేర్పాయి. దాన్ని మాన్పాల్సిన బాధ్యతా ముందు వాళ్లదే. అయినా అన్నీ దాపరికం వల్లే ఆగిపోతాయనుకోకు. ఒక కంపెనీలోనే ఒక విభాగం నేర్చింది మరో విభాగానికి ఎందుకు అందదని గాబ్రియేల్ షులాన్‌స్కీ పరిశోధించి 1996లో అచ్చువేశాడు. మనసు లేకపోవడం కంటే పెద్ద అడ్డంకులు మూడు కనిపించాయి: వినేవాళ్లకు అందుకునే పునాది లేకపోవడం, అది ఎందుకు పనిచేస్తుందో చెప్పేవాళ్లకే స్పష్టంగా తెలియకపోవడం, ఇద్దరి మధ్య సరైన పొత్తు లేకపోవడం. రెండోది నీకు బాగా పనికొస్తుంది. నీ సెట్టింగ్ ఎందుకు కుదురుతోందో ఇంకొకరికి వివరించడానికి కూర్చుంటే, అందులో నీకే తెలియని చోటు బయటపడుతుంది. తర్వాతి మెరుగు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. కంపెనీ గుట్టు బయటివాళ్లకు చెప్పమని నేననడం లేదు. ఆ గీత దాటొద్దు. ఒకే లైను మీద పనిచేసేవాళ్ల మధ్య మాత్రం ఆ గీత లేదు.

అందుకని ఆ సెట్టింగ్‌ను లాగ్‌బుక్కులో రాయి. ఏం చేశావో, ఎందుకు చేశావో, ముందు ఏ ప్రయత్నాలు బెడిసికొట్టాయో అన్నీ రాయి. కింద నీ పేరు, తేదీ వెయ్యి. పక్క షిఫ్టు కన్నడ, తమిళ కుర్రాళ్లలో ఎవరైనా దాన్ని మెరుగుచేస్తే, మీ ఇన్‌ఛార్జి ముందు వాళ్ల పేరు నువ్వే ముందుగా చెప్పు.