పచ్చని కొండకు వెల చెల్లించినదెవరు?



సెలవులలో మన బెంగళూరు తెలుగు కుటుంబములు కొండలు చూడబోవుట పరిపాటి. ఈ మధ్య మేమును చిక్కమగళూరు జిల్లాలోని కుద్రేముఖ్ జాతీయ ఉద్యానవనమునకు వెళ్లితిమి. గుర్రపు ముఖమును పోలిన శిఖరము 1,894 మీటర్ల ఎత్తు. చుట్టును పచ్చిక కొండలు, లోయలలో దట్టమైన అడవులు. తుంగ, భద్ర నదులు ఇక్కడి గంగమూలలోనే పుట్టుచున్నవి. ఆ నీళ్లే కదా మంత్రాలయము, కర్నూలు మీదుగా మనవారికి చేరునది!

ఇక్కడ ఇనుప ఖనిజము త్రవ్వుటకు 1976లో ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. 1987లో అడవి జాతీయ ఉద్యానవనమైనను త్రవ్వకము ఆగలేదు. వానాకాలమున గని మట్టి భద్రలో కలిసేది. సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన తీర్పు ప్రకారము 2005 చివరికి గని మూతపడినది. ఉద్యోగుల కొరకు కట్టిన ఊరు చాలవరకు ఖాళీ అయినది.

నది దిగువనున్న వారి మేలు కొరకు గని మూయుట న్యాయమే. అయితే బ్రతుకుతెరువుకు వచ్చి, మరల మూట కట్టుకొన్నవారి సంగతి ఏమిటి? ఊరు విడిచి వచ్చిన మనకు ఆ బాధ తెలియనిది కాదు. న్యాయమైన పని కూడ ఎవరో ఒకరి మీద భారమై పడును. తీర్పు మంచిదని మెచ్చుకొని, ఆ భారము మోసినవారిని మరచిపోవుట న్యాయము కాదు. కనుక కొండ అందము చూడబోవునప్పుడు ఆ ఖాళీ ఇండ్ల యొద్ద కూడ కొంతసేపు నిలువుడి. ఆ నీళ్లు త్రాగు మనము వారికి ఋణస్థులము.