తొట్టిలో చేప, మారిన నీటిమందు

ఇంట్లో అక్వేరియం నీటికి వాడే మందును మార్చడం పైకి రసాయనశాస్త్రం పని. కానీ ఆ నీటిలో ఒక ప్రాణి బతుకుతోంది. దాని ఊపిరి, తిండి, విసర్జన అన్నీ అందులోనే. మందు పడలేదని చెప్పే నోరు దానికి లేదు, తప్పించుకుపోయే దారీ లేదు. అందుకే ఇక్కడ ధర్మప్రశ్న ఒకటి పుడుతుంది: మేలు కోరి చేసిన మార్పు వల్ల చేప చనిపోతే అది హింసేనా?

సూర్యాపేట జిల్లా మఠంపల్లి మండలంలో ఈ ప్రశ్నకు నీటి నుంచే ఆధారం దొరుకుతుంది. మండలంలోని మట్టపల్లిలో యోగానంద లక్ష్మీనరసింహస్వామి ఆలయం కృష్ణ ఒడ్డునే ఉంది. భక్తులకు ఆ నది నీరు తీర్థం. చుట్టుపక్కల నేల సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందీ అందుకే. అలాంటి నేలలో బోరు నీళ్లు కఠినంగా, క్షారగుణం వైపు మొగ్గి ఉంటాయి. ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. తాగునీటి భారతీయ ప్రమాణం (ఐఎస్ 10500, 2012) ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనిషిని రోగాల నుంచి కాచే ఆ క్లోరిన్ చేప మొప్పలను కాల్చేస్తుంది. అంతకంటే చాలా తక్కువున్నా ప్రమాదమే. శుద్ధమైన నీరు అన్న మాటకు ఎవరి ప్రాణానికి శుద్ధం అన్నది కలిస్తేనే అర్థం పూర్తవుతుంది.

ఆ క్లోరిన్‌ను విరిచే పాత మందు సోడియం థయోసల్ఫేట్. ఫొటో స్టూడియోల్లో హైపో అనేది ఇదే. చేపల దుకాణాల్లో యాంటీ క్లోరిన్ చుక్కలుగా అమ్ముతారు. ఇది క్లోరిన్ పని మాత్రమే చూస్తుంది. కొత్త రకం మందుల్లో కొన్ని చేప విసర్జన నుంచి పుట్టే అమ్మోనియానూ ఒకటి రెండు రోజులపాటు హాని తక్కువైన రూపంలో పట్టి ఉంచుతాయి. క్షార జలంలో ఇది చిన్న విషయం కాదు: 25 డిగ్రీల వేడిలో, క్షారగుణాన్ని తెలిపే పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతానికి లోపే, పీహెచ్ 8కి చేరితే దాదాపు 5 శాతం. కనుక మందు మార్చాలనుకోవడంలో తప్పు లేదు. చిక్కంతా మార్చే తీరులో ఉంది. ఒక్కో మందు గాఢత ఒక్కో రకం. పాత అలవాటుకొద్దీ అన్నే చుక్కలు వేస్తే ఎక్కువో తక్కువో అవుతుంది. కొన్నిటిని మోతాదు మించి వేస్తే నీటిలోని ప్రాణవాయువు తగ్గుతుంది. పైగా, పట్టి ఉంచిన అమ్మోనియాను కూడా కొన్ని పరీక్షలు లెక్కలో చూపిస్తాయి; అది చూసి కంగారుపడి మళ్లీ మందు పోస్తే చేపకు రెండో దెబ్బ.

ఈ చోటే బౌద్ధ, జైన చింతనలు వేరువేరు దారులు పడతాయి. బౌద్ధంలో కర్మకు మూలం చేతన, అంటే సంకల్పం. చంపాలన్న తలంపు లేకపోతే ప్రాణాతిపాతం, అంటే ప్రాణం తీసిన దోషం, పూర్తి కాదు. అలాగని బౌద్ధం అజాగ్రత్తను ఊరికే వదలలేదు. భిక్షువుకు ఉండాల్సిన ఎనిమిది వస్తువుల్లో నీటిని వడగట్టే గుడ్డ ఒకటి. అందులోని కంటికి ఆనని ప్రాణులు చావకూడదని ఆ ఏర్పాటు. సూర్యాపేట జిల్లాలోనే ఉన్న ఫణిగిరి బౌద్ధ విహారాలలో బతికిన భిక్షువులకూ వర్తించిన నియమమిది. జైనం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను ప్రమాదంతో, అంటే ఏమరుపాటుతో, ముడిపెట్టింది. ఈ కొలతతో చూస్తే మందు సీసా మీది మోతాదు చదవకుండా పోసిన చేయి, చేప బతికి బయటపడినా, దోషం నుంచి తప్పించుకోదు. అన్నీ చూసుకుని చేసినా చేప పోతే అది దుఃఖమే గాని ఆ దోషం కాదు. అక్వేరియం విషయంలో ఈ కొలతే న్యాయంగా నిలుస్తుంది. ప్రేమ ఉంది గదా అన్న సంకల్పం ఒక్కటే చాలదు; ప్రేమగా పెంచే ఇళ్లలోనే ఎన్నో చేపలు తొందరపాటుకు బలవుతున్నాయి.

చేపను ఇంట పెంచడం గురించిన మన అతి ప్రాచీన కథ శతపథ బ్రాహ్మణంలో ఉంది. చేతులు కడుక్కుంటున్న మనువు చేతికి చిన్న చేప చిక్కి, పెద్ద చేపల నుంచి కాపాడమని అడిగింది. మనువు దాన్ని మొదట కుండలో, పెరిగాక గుంటలో, చివరకు సముద్రంలో ఉంచాడు. భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడిదీ ఇదే కథ. ప్రళయం, నావ అందరికీ గుర్తుంటాయి. అంతకుముందు జరిగిన పెంపకం కూడా అంతే గట్టి విషయం: చేప అవసరం పెరిగిన కొద్దీ నీటిని మార్చే బాధ్యత పెంచేవాడిది, అడిగే హక్కు చేపది. మఠంపల్లిలోని కాథలిక్ క్రైస్తవులకూ దీనికి దగ్గరి బోధ ఉంది. ఆదికాండంలో చేపలపై మనిషికి ఇచ్చిన అధికారాన్ని ఇష్టారాజ్యంగా చదవరాదని పోప్ ఫ్రాన్సిస్ 2015 నాటి లౌదాతో సీ లేఖలో స్పష్టం చేశారు.

ఏమరుపాటు లేకుండా మార్చడమంటే ఆచరణలో కొన్ని పనులు. పాత, కొత్త మందులను ఒకేసారి కలిపి పోయరాదు. నీరంతా ఒక్కసారి తీయకుండా కొంతే మార్చి, కొత్త నీటిని బకెట్‌లోనే కొత్త మందుతో సిద్ధం చేసి, తొట్టి నీటి వేడికి తెచ్చి పోయాలి. ఆ రోజు గాలి పంపు ఆగకూడదు. చేప నీటిపైకి వచ్చి నోరు తెరుస్తోందా, మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నాయా అని గమనించాలి. బోరు నీళ్లే వాడే ఇంట్లో క్లోరిన్ మందు అవసరమే లేదు. నల్లా నీళ్లనైనా, విడి క్లోరిన్ మాత్రమే ఉంటే, వెడల్పాటి పాత్రలో ఒక రోజు తెరిచి ఉంచితే చాలావరకు పోతుంది. క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమిన్ ఉన్న నీటికి మాత్రం ఇది సరిపోదు.

అసలు చేపను గాజులో బంధించడమే హింస కదా అనే వాదం బలమైనదే, కొనేముందు తేల్చుకోవలసినదే. కొన్న తర్వాత మాత్రం మనువు చివరి మెట్టు మనకు అందదు. అక్వేరియం చేపను కృష్ణలో వదలడం విముక్తి కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సక్కర్ చేపలు అలా నదుల్లోకి చేరి స్థానిక చేపలకు ముప్పుగా మారి, జాలరుల వలలు చింపుతున్నాయి. కనుక తొట్టిలోకి వచ్చిన చేప నీటి బాధ్యత, అది బతికినన్నాళ్లూ, ఆ ఇంటిదే.