గురువుగారు ఎవరి మనిషి?

మా మేనమామ సైన్యంలో చాలా ఏళ్ళు పనిచేసి హవల్దారుగా రిటైరై ఊరు చేరాడు. గుడి మెట్టెక్కడు. తిరునాళ్ళకి వీధిలోనే నిలబడి ఓ దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. అత్త సణిగితే, "అక్కడ ఆదివారం ఆదివారం ఎక్కాను గదే, నా కోటా అయిపోయింది" అంటాడు.

అక్కడంటే పల్టన్‌లో. ఆదివారం పొద్దున్న మందిర్ పరేడ్ ఉండేదట. పేరులోనే ఉంది చూడండి, పరేడ్ అని. తయారై వరసలో నిలబడాలి, తలకాయలు లెక్కపెట్టించుకోవాలి, ఆ తరవాతే భజన. రానివాడు జవాబు చెప్పుకోవాల్సింది దేవుడికి కాదు, సుబేదారు సాబ్‌కి.

ఆ భజన చేయించే మనిషిని పండిట్‌జీ అంటారు. మన సైన్యం కాగితాల్లో ఆయన 'రెలిజియస్ టీచర్'. జవాన్లకి ధర్మగురు. పండితుడు, గ్రంథి, మౌల్వీ, పాద్రీ, లడాఖ్ దళాలకి బౌద్ధ భిక్షువు - ఎవరైనా సరే నాయబ్ సుబేదారు హోదాలో చేరతారు. పుణేలోని జాతీయ సమైక్యతా సంస్థలో శిక్షణ. నియామక ప్రకటనలో వాళ్ళ పనుల జాబితా ఉంటుంది: గ్రంథాలు బోధించడం, పూజలూ ప్రార్థనలూ జరిపించడం, అంత్యక్రియలకి హాజరవడం, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చోవడం, శిక్ష అనుభవిస్తున్న సైనికుల్ని వెళ్ళి చూడడం, పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పడం. ఇవి కాక కసమ్ పరేడ్ ఉంటుంది. శిక్షణ ముగిసిన కుర్రవాళ్ళు తమతమ గ్రంథాల సాక్షిగా ప్రమాణం చేసేటప్పుడు పక్కన ఉండేది ఈయనే.

ఆ జాబితా నేను రెండుసార్లు చదివాను. అందులో సగం పనులు ఏ మతంలోనైనా పుణ్యకార్యాలే. మిగతా సగం ఒక సంస్థ తన సిబ్బంది చేత చేయించుకునే పనులు. రెండూ ఒకే మనిషి మీద పడ్డాయి. మరి ఆ మనిషి ఎవరి మనిషి? దేవుడిదా, పల్టన్‌దా, లేక ఎదురుగా కూర్చున్న జవానుదా?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. సైన్యంలోని పాద్రీని ఇంగ్లీషులో చాప్లిన్ అంటారు. ఆ మాటకి మూలం ఒక దుప్పటి. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే రోమన్ సైనికుడు చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైవస్త్రాన్ని కత్తితో చీల్చి సగం ఇచ్చాడని కథ. తరవాత, నేను క్రీస్తు సైనికుణ్ణి, ఇక యుద్ధం చెయ్యనని కొలువు మానేశాడట. ఆయన పోయాక ఆ వస్త్రం పవిత్రమైపోయింది. ఫ్రాంకు రాజులు దాన్ని యుద్ధాలకి వెంట తీసుకెళ్ళేవారు. లాటిన్‌లో దాని పేరు 'కప్పా'. దాన్ని కాపాడే పురోహితులు 'కప్పెల్లాని'. అలా పుట్టింది చాప్లిన్. యుద్ధం చెయ్యనన్నవాడి బట్టని యుద్ధానికి మోసుకెళ్ళడం దగ్గరే ఈ ఉద్యోగం మొదలైందన్న మాట.

మన కౌటిల్యుడికి ఇలాంటి తటపటాయింపులు లేవు. అర్థశాస్త్రం పదో అధికరణంలో, యుద్ధానికి ముందు మంత్రీ పురోహితుడూ సైన్యాన్ని ఉత్సాహపరచాలని స్పష్టంగా చెప్పాడు. చచ్చినవాడికి స్వర్గం, పారిపోయినవాడికి నరకం. ఆయన లెక్కలో ఏనుగులు, గుర్రాలు, వైద్యులు, పురోహితులు అన్నీ యుద్ధ సామగ్రే. నిజాయితీగా చెప్పాడు, అంతే.

రాజ్యం గురువుని ఎందుకు పెట్టుకుంటుందో ఇప్పటికీ ఇందులోనే జవాబుంది. 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒక కేసు కొట్టేసింది. సిక్కు జవాన్ల దళానికి నాయకుడిగా ఉన్న ఒక క్రైస్తవ అధికారి, రెజిమెంటు గుడి గర్భాలయంలోకి వెళ్ళి పూజలో పాల్గొననన్నాడు. గుడి దాకా తన వాళ్ళతో వస్తాను, బయట నిలబడతాను, లోపలికి మాత్రం రాను అన్నది ఆయన వాదన. ఉద్యోగం పోయింది. కోర్టులూ సైన్యం పక్షానే నిలిచాయి. తీర్పు తప్పొప్పుల సంగతి అటుంచండి. దాన్నిబట్టి నాకు అర్థమైంది ఒకటే: పల్టన్‌లో పూజ అంటే ఒక్కడి ఆత్మ వ్యవహారం కాదు, పదిమందిని కలిపి కట్టే తాడు. తాడు పేనేవాడు ధర్మగురువు. ఒకరి కోసం ఒకరు చావాల్సిన చోట ఆ తాడు అవసరమే కావచ్చు. కానీ తాడు పేనేవాడికి ముడి విప్పే హక్కుంటుందా?

జార్జ్ జాబెల్కా కథ ఇక్కడే గుర్తొస్తుంది. 1945లో పసిఫిక్‌లోని టినియన్ దీవిలో కేథలిక్ పాద్రీ. హిరోషిమా, నాగసాకీల మీద అణుబాంబులు వేసిన వైమానికులకి ఆధ్యాత్మిక సేవ చేసింది ఆయనే. మాస్ చెప్పాడు, పాపనివేదనలు విన్నాడు. జపాన్ నగరాల్లో మామూలు జనం చచ్చిపోతున్నారని ఆయనకి తెలుసు. కానీ పౌరుల్ని చంపడం తప్పని, ఆ పని చేస్తున్నవాళ్ళకి ఒక్క ప్రసంగంలో కూడా చెప్పలేదని చాలా ఏళ్ళ తరవాత తానే ఒప్పుకున్నాడు. ఎవరూ చెప్పొద్దని ఆయన్ని బెదిరించలేదు. అవసరం రాలేదు. మిగతా జీవితం శాంతియాత్రల్లో గడిపాడు.

జాబెల్కా చెడ్డవాడు కాడు. తన కుర్రాళ్ళని ప్రేమించాడు. బహుశా అదే చిక్కు. రేపు చావబోయే పిల్లాడి ముందు కూర్చుని, నువ్వు చేస్తున్నది తప్పేమో అనడానికి ఎవరికి నోరొస్తుంది? ఓదార్పు ఇవ్వడం ఎప్పుడూ సులువుగా దయలాగే కనిపిస్తుంది. అంతరాత్మకి తగిలిన దెబ్బకి మందు వెయ్యడం వేరు, అంతరాత్మకే మత్తుమందు ఇవ్వడం వేరు. బయటి నుంచి చూస్తే మాత్రం రెండూ ఒకలాగే ఉంటాయి. రెండిట్లోనూ రోగి నిద్రపోతాడు.

ఈ గొడవంతా మామయ్య దగ్గర ఎత్తాను ఓ సాయంత్రం. ఆయన చుట్ట ఆర్పి కాసేపు ఊరుకున్నాడు.

"మీ తాతయ్య పోయినప్పుడు నేను కొండ మీదున్నాను. కబురు మూడో రోజుకి అందింది. మంచు పడి దారి మూసుకుపోయింది. లీవు ఇచ్చారు, దిగేదెలా? పండిట్‌జీ నా గుడారంలోకొచ్చాడు. తెలుగు ముక్క రాదాయనకి. నాన్న పేరు నోరు తిరక్క మూడుసార్లు అడిగాడు. తప్పు పలికితే చేరదన్నాడు. మంచు కరిగించిన నీళ్ళతో నా చేత తర్పణం వదిలించాడు. తెల్లారిందాకా బుఖారీ పక్కన కూర్చున్నాడు. అప్పటిదాకా ఆయన్ని గంట కొట్టే మనిషనుకునేవాణ్ణి."

"సరే, అది మంచి పనే. నేనడిగేది..."

"నువ్వడిగేది తెలుసురా. విను. ఇంకోసారి మా కంపెనీలో ఓ కుర్రాడు. ఎదురుకాల్పులైన రాత్రి నుంచి నిద్రపోడు. తిండి తినడు. తన తూటాకే ఆ అవతలి వాడు పోయాడని వాడికి తెలుసు, మొహం చూశాడు. పండిట్‌జీ దగ్గరికి పంపించారు. గీత చెప్తాడనుకున్నాం. చెప్పలేదు. పోయినవాడి పేరు తెలుసా అని అడిగాడు. వీడు తెలీదన్నాడు. అయితే పేరు లేకుండానే నీళ్ళు వదులుదాం, పట్టు దోసిలి అన్నాడు."

నాకు వెంటనే భారతం గుర్తొచ్చింది. యుద్ధం మొదట్లో గీత ఉంది, అందరికీ తెలుసు. యుద్ధం అయిపోయాక గంగ ఒడ్డున జలదానాలు చేస్తుంటే, కర్ణుడికీ నీళ్ళు వదలమని, వాడు మీ అన్న అని కుంతి చెప్పడం కూడా ఉంది. ధర్మరాజు గెలిచిన రాజ్యాన్ని అసహ్యించుకున్నది ఆ తరవాతే. మొదటి ఘట్టం ఏ రాజ్యానికైనా పనికొస్తుంది. రెండో ఘట్టం ఏ రాజ్యానికీ పనికిరాదు. కానీ యుద్ధం చేసి వచ్చినవాడికి కావలసింది అదే.

ధర్మగురువు ఎవరి మనిషో తేలేది అక్కడేనేమో అనిపిస్తోంది. జీతం ఎవరిస్తున్నారన్నది కాదు, ఏ హోదా అన్నది కాదు. చంపినవాడు 'తప్పా?' అని అడిగినప్పుడు ఆ ప్రశ్నని ఆయన ఏం చేస్తాడన్నది. కాదులే అని కొట్టెయ్యొచ్చు. పాపమని భయపెట్టొచ్చు. ఆ పండిట్‌జీ రెండూ చెయ్యలేదు. చచ్చినవాణ్ణి మనిషిగా లెక్కలో వేసి, కుర్రాడి బరువు కుర్రాడికే ఉంచి, పక్కన కూర్చున్నాడు.

ఈ మాటే మామయ్యతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"నువ్వన్నంత తేలిక కాదబ్బాయ్. వాడు ఆ రాత్రి నిద్రపోయాడు. మర్నాడు తుపాకి తీసుకుని డ్యూటీకెక్కాడు. పై అధికారులకి కావలసిందీ అదే గదా. ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, పండిట్‌జీ వాణ్ణి బాగుచేసి మనకిచ్చాడా, వాళ్ళకిచ్చాడా అని."

నా దగ్గర జవాబు లేదు. కుర్రాడు తరవాత ఏమయ్యాడని అడిగాను.

"రిటైరయ్యాడు. ఏటా మహాలయ అమావాస్యకి వాళ్ళ నాన్నతో పాటు వాడికీ నీళ్ళు వదులుతాడట. ఫోన్లో చెప్పాడు. పేరు ఇప్పటికీ తెలీదు."